పెరుగు తోడుకోని శుక్రవారం

ఆ రోజుల్లో అంటే మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, కాదు. కరోనా వెళ్ళీ వెళ్ళనట్టున్న రోజులు. తిరువూరులో ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి మీద ఒక కషాయం గిన్నె ఉడుకుతూ కనిపించేది. ఎదురుపడినవాళ్ళు ‘అన్నం తిన్నావా’ అనడం మానేసి ‘ఆవిరి పట్టావా’ అని అడిగేవారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చదువు అంతంతమాత్రం, దాని మీద నమ్మకం మాత్రం నిండా. మాది వినగడప. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, తిరువూరు బస్టాండు దగ్గర ఒక చిన్న ల్యాబులో రక్తాలు తీసే పనిలో చేరి, మా మేనత్త ఇంట్లో మకాం పెట్టాను. మావయ్యకి పురుగుమందుల కొట్టు ఉంది. ఆయనకి మాట తక్కువ, ఆ లోటు అత్తయ్య తీర్చేది. మేనల్లుడు డాక్టరీ చదివాడని వీధంతా చెప్పింది కూడా ఆవిడే (కాదని మొదటి వారం చెప్పి చూశాను, తర్వాత చెప్పడం మానేశాను).

ల్యాబులో పొద్దస్తమానం సూక్ష్మజీవుల పేర్లు రాసి రాసి, లోకంలో మనకి అవే శత్రువులని నాకు గట్టిగా నాటుకుపోయింది. దానికి తోడు ఫోనులో ఒక గడ్డం గురువుగారు దొరికారు. ‘ఇంగ్లీషు మందులెందుకు, వంటింట్లోనే యాంటీబయాటిక్ ఉంది’ అని రోజూ ఒక వీడియో వదిలేవారు. ఆయన చెప్పినట్టే పరగడుపున ఎనిమిది పచ్చి వెల్లుల్లి రెబ్బలు, దోసెడు వేపచిగురు నమిలేవాణ్ణి. ఆ పైన లవంగ నూనె, వాము నూనె కలిపిన సీసాలోంచి పది చుక్కలు. ఆయన ఐదు చుక్కలే అన్నారు. నేను డాక్టరీ చదివినవాణ్ణి కాబట్టి పది చేశాను. రక్తం తీస్తుంటే పేషెంట్లు అటు తిరిగి కళ్ళు మూసుకునేవారు, సూదికి భయపడుతున్నారని జాలిపడేవాణ్ణి. అది నా ఊపిరి మహిమ అని చాలా రోజులకి గాని తెలియలేదు. పది రోజులు తిరిగేసరికి కడుపు ఉబ్బడం మొదలైంది. ఒకపూట ఏమీ అరగదు, ఇంకోపూట ఏదీ ఆగదు. ‘చెడు బయటికి పోతోంది’ అని గురువుగారు ముందే చెప్పి ఉన్నారు గనక సంతోషించాను.

ఇక పెరుగు సంగతి. అత్తయ్య రోజూ రాత్రి భోజనాలయ్యాక గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి, తన చూపుడువేలితో గిరగిరా కలిపేది. ఆ వేలు చూస్తే నాకు నిద్రపట్టేది కాదు. ఒకరోజు ఆ పెరుగు కొంచెం ల్యాబుకి పట్టుకెళ్ళి, స్లైడు మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. వేలకు వేలు నీలం పుల్లలు! పెరుగంటేనే బ్యాక్టీరియా అని నేను చదవలేదా అంటే చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పుస్తకంలోవి వేరు, మా అత్తయ్య గిన్నెలోవి వేరు అనిపించింది. అరవై దాటిన ఇద్దరు మనుషులు రోజూ వీటిని గరిటెలతో తింటున్నారే అని గుండె చెరువైంది. సాక్ష్యంగా ఉంటుందని ఆ స్లైడుని జాగ్రత్తగా దాచాను. గురువారం రాత్రి అత్తయ్య తోడు వేసి పడుకోగానే వంటింట్లోకి వెళ్ళి పాలగిన్నెలో నాలుగు చెంచాలు, పక్కనున్న తోడుగిన్నెలో రెండు చెంచాలు, నా సీసాలోంచి పోశాను. ఈ ఇంటిని నేనే కాపాడుతున్నానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం పొద్దున పాలు పాలలాగే ఉన్నాయి. ‘మంచు పడింది కదరా, అందుకే’ అని అత్తయ్య గిన్నెని ఎండలో పెట్టింది (కరోనా వచ్చి తగ్గాక ఆవిడకి వాసనలు సరిగ్గా తెలిసేవి కావు). మధ్యాహ్నానికీ తోడుకోలేదు. తోడుగిన్నెలో మిగిలింది తీసి వేరే పాలలో వేసింది. సాయంత్రం నాలుగింటికి మూత తీసి చూసి, అక్కడే గచ్చు మీద కూలబడింది. ఆ రోజు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, కడుపు కదలనివ్వక.

“మా అమ్మ తోడురా ఇది. కాపురానికి వచ్చేటప్పుడు చిన్న స్టీలు డబ్బాలో పెట్టిచ్చింది. ముప్ఫై ఐదేళ్ళు కాపాడుకొచ్చాను. నా చెయ్యే చెడిపోయింది!” అంటూ ఆ చూపుడువేలు చూసుకుని ఏడ్చింది. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆవిడకి సంబంధించిన బంగారం గాని, చీర గాని ఆ ఇంట్లో లేవు. ఉన్నది ఆ పెరుగొక్కటే. అత్తయ్య అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే కొట్టు నుంచి టీకి వచ్చిన మావయ్య గిన్నె ఎత్తి వాసన చూశారు. తర్వాత నా మొహం చూశారు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, “గంపలగూడెం నుంచి ఒక రైతు వస్తుంటాడు. పత్తికి రసం పీల్చే దోమ పట్టిందని నేను చెప్పినదానికి రెట్టింపు కొట్టాడు. దోమ పోయింది. దాన్ని తినే అక్షింతల పురుగులూ పోయాయి. పదిరోజుల్లో దోమ మళ్ళీ వచ్చింది, ఈసారి అడిగేవాడు లేడు. మందుకి మంచి పురుగేదో, చెడ్డ పురుగేదో తెలియదురా అబ్బాయ్. నీ కడుపులో జరిగేదీ అదేనేమో చూసుకో” అన్నారు. ఆరునెలల్లో నాతో ఆయన మాట్లాడిన మొత్తం మాటలకన్నా అవే ఎక్కువ. “అత్తయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో” అని కూడా అన్నారు.

వట్టి చేతులతో వెళ్ళి చెప్పే ధైర్యం లేదు. ఇదే తోడు ఇంకో ఇంట్లో ఉండే అవకాశం ఉంది: ఎదురింటి మిషను పిన్నిగారింట్లో (బట్టలు కుడతారు గనక ఆ పేరు). ఊరెళ్ళినప్పుడల్లా అత్తయ్య తన తోడు ఆవిడకే అప్పగించి వెళ్ళేది. కానీ రెండేళ్ళ కిందట ఒక భోజనాల్లో పిన్నిగారు ‘వాళ్ళింటి పెరుగు కాస్త పులుపు’ అన్నారట. అప్పట్నుంచి మాటల్లేవు. ఆ తోడు ఇంకా ఉంచారో, పారబోశారో తెలియదు. పైగా పిన్నిగారికి మర్నాడు పొద్దున్నే కూతురి పురిటికి ఖమ్మం ప్రయాణం, మూడు నెలలు ఇంటికి తాళం. దీపాలు పెట్టాక తోడు ఎవరూ ఇవ్వరు, అందులోనూ శుక్రవారం. పొద్దు చూస్తే వాలిపోతోంది.

మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ పాతిక అడుగులు. మొదటిసారి సగం దూరం వెళ్ళి కడుపు పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. రెండోసారి వాళ్ళ గేటు దాకా వెళ్ళి మళ్ళీ పరుగెత్తాను. మూడోసారి వెళ్ళేసరికి పిన్నిగారు దీపం కుందిలో వత్తి వేసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఉన్నారు.

“వెలిగించకండి పిన్నిగారూ!” అని అరిచాను.

“ఏంటయ్యా డాక్టరూ, గేటు దగ్గర ఆ డ్రిల్లేంటి ఇందాకట్నుంచి?”

జరిగిందంతా చెప్పేశాను. లవంగ నూనె దగ్గర ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాయనమ్మ డబ్బా దగ్గర కొంగు తీసేశారు. లోపలికి వెళ్ళి, కడగడానికి వేసిన గిన్నెల్లోంచి ఒకటి పట్టుకొచ్చారు. అడుగున రెండు చెంచాల పెరుగుంది. “మీ అత్తయ్య తోడే. మాటలు మానేశాను గాని దీన్ని మానలేదు. పులుపన్నమాట నిజమే, వెనక్కి తీసుకోను. అయినా ఇంకో తోడుతో పెరుగు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు” అన్నారు. గిన్నె నా చేతికిచ్చి, “పో పో, చీకటి పడుతోంది” అని తరిమారు.

గిన్నె అత్తయ్య ముందు పెట్టి, తలవంచుకుని, అంతా ఒప్పుకున్నాను. స్లైడు సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. “ఇన్నాళ్ళనుంచీ ఆ మంట సరుకంతా పరగడుపున తాగుతున్నావా? కడుపునొప్పి అని ఒక్కమాట చెప్పలేదేంరా సన్నాసీ!” అని అత్తయ్య మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. ఈసారి నా కోసం. నాకూ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని పాలు వెచ్చబెట్టింది, వేలు ముంచబోయి నా వంక చూసింది. “ముంచు అత్తయ్యా” అన్నాను. మర్నాడు పొద్దున గడ్డపెరుగు. అందులో సగం చిన్న డబ్బాలో పోసి, తనే స్వయంగా ఆటో ఎక్కుతున్న పిన్నిగారి చేతిలో పెట్టి, “దారిలో తినండి. పులుపేమీ లేదు” అంది. నా సీసా మాత్రం మావయ్య కొట్టుకి పట్టుకెళ్ళిపోయారు (పురుగుమందుల పక్కన పెట్టారని విన్నాను). నా కడుపు దారికి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. పెరుగన్నం వల్ల తగ్గిందో, సీసా పోవడం వల్ల తగ్గిందో పెద్ద డాక్టర్లే చెప్పాలి.

ఇప్పుడు నాకు గంపలగూడెంలో సొంతంగా చిన్న ల్యాబు ఉంది. ఆ స్లైడు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. పనిలేని మధ్యాహ్నం ఎప్పుడైనా తీసి మైక్రోస్కోపు కింద పెడతాను. నీలం పుల్లలు అలాగే ఉంటాయి. నాయనమ్మని నేను చూడలేదు, ఆవిడ గిన్నెలోంచి వచ్చినవాళ్ళు కదా వీళ్ళు అనుకుంటాను. వీళ్ళ బారి నుంచి అత్తయ్యని రక్షించాలని నిద్రమానుకున్న ఆ వెల్లుల్లి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది గాని కోపం రాదు. వాడికి ఆవిడంటే అంత ప్రాణం మరి. తర్వాత లంచ్ బాక్సు తెరిచి, అత్తయ్య ఇచ్చిన తోడుతో మా ఆవిడ వేసిన పెరుగు అన్నంలో కలుపుకుంటాను. కాస్త పులుపే. ఆ మాట ఇంతవరకు అత్తయ్యతో అనలేదు.