గట్టిగా తోమిన పళ్ళు

నా పళ్ళు తెల్లగా ఉన్నాయని పెళ్ళిచూపుల్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ ఒక్క పొగడ్త నన్ను ఇరవై ఏళ్ళు ఆడించింది. పొద్దున్నే ఉప్పు, బొగ్గుపొడి కలిపి, వేలితో చాలదని గట్టి బ్రష్‌తో, చేయి నొప్పి పుట్టేదాకా తోమేదాన్ని.

మూడేళ్ళ కిందట చల్లనీళ్ళు తాగితే పై పళ్ళు జివ్వుమన్నాయి. మురికి ఎక్కడో మిగిలిందనుకుని మరింత గట్టిగా రుద్దాను. జివ్వుమనడం పెరిగింది, నేనూ రుద్దడం పెంచాను. నా అంత తెలివితక్కువది సిద్దిపేటలో ఇంకొకతె ఉండదు.

చాయ్ చల్లారితే గానీ తాగలేను. ఆటో ఎక్కితే గాలి తగలకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకోలేక, కంచం ముందే ఏడ్చాను. ఇలా బతకడం నా వల్ల కాదనిపించింది.

"దవాఖానకు పోదాం పా," అన్నాడు మా ఆయన.

"పై పన్ను పీకితె కండ్లు పోతయంటరు," అని అత్త అడ్డుపడింది.

నేను బ్లౌజులు కుట్టి బతికేదాన్ని. కళ్ళు పోతే ఇంకేముంది? ఆ భయంతో ఏడాది ఓర్చుకున్నాను. ఆ తర్వాత కళ్ళు పోయినా సరేననిపించి దవాఖానకు వెళ్ళాను.

"అన్ని పీకెయ్యున్రి డాక్టరమ్మా, నాతోని అయితలేదు," అని ఆమె చేతులు పట్టుకున్నాను.

ఆమె నోట్లో లైటు వేసి చూసింది. "ఒక్కటి గూడ పుచ్చలేదక్కా, ఎందుకు పీకాలె? పన్నుకు, కండ్లకు సంబంధమే లేదు. దేంతోని తోముతున్నవ్?"

చెప్పాను.

"నువ్వే అరగదీసుకున్నవక్కా. పంటి మీది గట్టి పొర పోయింది, చిగుర్లు పైకి జరిగినయ్. మెత్తటి బ్రష్, నేను రాసిచ్చే పేస్టు వాడు. మెల్లగ తోము. కొన్ని వారాలల్ల తగ్గుతది, తగ్గకుంటె మళ్ళ రా."

"అరిగింది మళ్ళ వస్తదా?"

"రాదక్కా."

తెల్లవారి మెత్తటి బ్రష్ పట్టుకున్నాను. నాలుగుసార్లు తోమానో లేదో, చేయి పాత బలమంతా చూపించింది. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. బ్రష్ ఎడమచేతికి మార్చుకున్నాను. ఆ చేతికి బలమూ లేదు, తోమడమూ రాదు. నురగ గడ్డం మీదుగా జాకెట్టు మీద పడింది.

"గట్ల తోమితె మురికి పోతదా?" అంది అత్త, వెనక నిలబడి.

"మురికి ఉంటె ఉండనీ అత్తమ్మా," అని ఆమె మీద అరిచాను. "నాకు అన్నం తినాలని ఉంది."