రిలీవర్ లేని పూట

మా ఇంట్లో ఎండాకాలం దేవమ్మ గొంతుతో మొదలవుతుంది. మామిడికాయలు కొట్టించుకొచ్చిన రోజు, తొక్కు కలిపిన చేతులు ఇంకా కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడి, "ఈ ఎండకాలం నర్సింహమ్మ ఇంటికి పోవాలె" అంటుంది. పెళ్లయిన మూడో ఏడు మొదటిసారి అన్నది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అంటూనే ఉంది. ఒక్క ఏడూ పోలేదు.

నేను ఆమె మొగుణ్ణి. సంగారెడ్డిలో కాన్వెంటు బడిలో చదివినవాణ్ణి. మా నాయన అక్కడ తోటమాలి కాబట్టి సిస్టర్లు నన్ను జాలిపడి చేర్చుకున్నారు. ఆ చదువులో ఇప్పుడు నాకు మిగిలింది అన్నానికి ముందు చదివే ఇంగ్లీషు ప్రార్థన ఒక్కటే. దానితోనే పటాన్‌చెరులో బోల్టుల ఫ్యాక్టరీలో చేరి, బోల్టులకు మరలు తీసే మిషను మీద జీవితమంతా నిలబడ్డాను.

ఆ మిషనుకు మనిషిని వాసన పట్టే గుణం ఉండేది. కొత్తవాడు చెయ్యి వేస్తే అలిగి ఆగిపోయేది. ఒకసారి సూపర్‌వైజర్ టోపీ మింగేసి, ఆ రోజంతా టోపీలు పెట్టుకున్న బోల్టులు తీసింది. ఈ సంగతి నా మనవరాలు నిహారిక నమ్మదు. ఇంజనీరింగ్ చదువుతోంది, అందుకని నమ్మదు.

మిషను ఒప్పుకున్నది ఇద్దరినే. ఒకడిని నేను, రెండోవాడు కర్దనూర్ సత్తయ్య. నాది పొద్దటి షిఫ్టయితే అతనిది మధ్యాహ్నం షిఫ్టు. మరుసటి వారం తారుమారు; రాత్రిళ్లు మిషను ఆగేది. రిలీవర్ వచ్చి పని అందుకునే దాకా మిషను వదలకూడదని రూలు. నా రిలీవర్ సత్తయ్య, సత్తయ్య రిలీవర్ నేను. సైరన్ మోగేది. అతను వచ్చేవాడు. నేను చేతులు తుడుచుకున్న నూనె గుడ్డ అతని చేతికి ఇచ్చేలోపు మా స్నేహమంతా జరిగిపోవాలి. నేను పులి కథ మొదలుపెడితే ఆ పులి పొదలోంచి బయటికి రావడానికే వారం పట్టేది. సత్తయ్య పాపం ఆదివారం దాకా ఆ పులిని మోసుకుని తిరిగేవాడు.

మాటలకు లేని తీరిక గిన్నెలకు ఉండేది. ఒకనాడు సత్తయ్య నాకోసం మిషను పక్కన స్టీలు డబ్బాలో సర్వపిండి ఉంచి వెళ్లాడు. డబ్బా మూత మీద నర్సింహమ్మ అని పేరు కొట్టించి ఉంది. ఇంటికి తీసుకొస్తే దేవమ్మ కడిగి ఆరబెట్టింది.

"ఉత్త గిన్నె ఎట్ల వంపుత? ఆమె ఏమనుకుంటది?" అని చింతచిగురు పప్పు పెట్టి పంపింది. నర్సింహమ్మకూ అదే పట్టింపు. ఇక ఆ డబ్బా ఏనాడూ ఖాళీగా నడవలేదు. చూడని మనిషి వంట తింటూ తింటూ దేవమ్మ ఆమె మనసంతా చదివేసేది. "ఇయ్యాల నర్సింహమ్మకు మొగని మీద కోపమొచ్చింది. కారం జూడు" అనేది. మర్నాడు సత్తయ్యను అడిగితే తల గోక్కునేవాడు.

మరి పోవడానికేం అని మీరు అడగవచ్చు. నేను సెలవు పెడితే నా షిఫ్టు కూడా సత్తయ్యే చెయ్యాలి. అతను సెలవు పెడితే నేను చెయ్యాలి. వారపు సెలవులు కూడా వేరు వేరు రోజుల్లో ఇచ్చేవారు. నా సెలవు సత్తయ్య డబుల్ డ్యూటీతో తయారయ్యేది. నేను వాళ్లింటికి పోతే అతను ఇంట్లో ఉండడు, అతను మా ఇంటికి వస్తే నేనుండను. ఆడవాళ్లయినా కలవచ్చు కదా అంటే, దేవమ్మ దగ్గర ఒక నియమం ఉంది.

"మొదటిపారి పోతే ఇద్దరం పోవాలె. ఆడ గూడ ఇద్దరుండాలె. నలుగురం ఒక్కసారి కూసుండి తినాలె. లేకుంటే అది పోయినట్టు గాదు."

అలాగని ప్రయాణం సన్నాహాలు ఆగలేదు. ఏటా నర్సింహమ్మకని ఒక చీర కొనేది. వానాకాలం దాటాక ఆ చీర ఎవరి పెళ్లికో పెట్టుబడి చీరగా పోయేది. పక్కన పెట్టిన తొక్కు జాడీ దసరా ముందు డబ్బాలోకి ఎక్కి నాతో ఫ్యాక్టరీకి వెళ్లేది. మా కొడుకు చంద్రకాంత్ చిన్నప్పుడు సెలవులకు కర్దనూర్ పోయి బావిలో ఈత కొట్టానని బళ్లో చెప్పుకునేవాడు. ఎవరి పోలికో నాకు తెలియదు.

మా బిడ్డ అరుణ పెళ్లి నాడు సత్తయ్య రెండు షిఫ్టులూ నిలబడ్డాడు. పెళ్లి ఫోటోల్లో అతను ఎక్కడా కనిపించడు. వాటిలో నేను కనిపిస్తున్నానంటే అది అతని వల్లే.

నిరుడు నేను రిటైరయ్యాను, ఆ వెనుకే సత్తయ్య. చివరి రోజున డబ్బా మా ఇంట్లో ఉండిపోయింది. ఈ ఎండాకాలం చంద్రకాంత్ అందరం ఊటీ పోదామన్నాడు.

"ఊటీల నాకెవరున్నరు?" అంది దేవమ్మ.

"చల్లగ ఉంటది నానమ్మా" అంది నిహారిక.

"సల్లగుండనీ. పోయి ఎవల్తోని మాట్లాడాలె? చెట్లతోనా?"

ఊటీకి వాళ్లు పోయారు. మేము కర్దనూర్ బయలుదేరాం. నర్సింహమ్మ డబ్బాలో నువ్వుల లడ్డూలు, సంచిలో తొక్కు జాడీ, ఈ ఏటి చీర. బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆమెకు జీరో టికెట్, నాకు మామూలు టికెట్. అందుకని కిటికీ పక్కన ఆమే కూర్చుంది. నాకది ఏ లెక్కో అర్థం కాలేదు. దారి పొడుగునా ఒకటే మాట.

"సత్తయ్య ఇంట్లనే ఉంటడు గదా?"

"ఎందుకుండడు? మొన్ననే ఫోన్‌ల ఒట్టు వెట్టిండు."

"నువ్వు జెప్పిన ముచ్చటనా, సత్తయ్య జెప్పిన ముచ్చటనా?"

ఆమె అనుమానం అనవసరమైనది కాదు. రిటైరయ్యాక సత్తయ్య రుద్రారంలో ఒక ప్రైవేటు హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ రోజు డ్యూటీ తోటి వాచ్‌మన్ చేస్తాడని మాట అయింది. మా బస్సు ఆ హాస్టల్ ముందు నుంచే వెళ్లింది. నేను అప్పుడు కండక్టర్‌కు పులి కథ చెబుతున్నాను.

కర్దనూర్‌లో నర్సింహమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు కింది నుంచి పై దాకా చూసుకున్నారు. ఫోన్లో ఎన్నోసార్లు చూసుకున్నవాళ్లే. కానీ ఇద్దరికీ ఫోన్ పట్టుకోవడం రాదు. దేవమ్మ ఆమె నొసలు, ఆమె దేవమ్మ గడ్డం మాత్రమే ఎరుగుదురు.

"గింత పొట్టిగుంటవా వదినె?" అంది నర్సింహమ్మ.

"నీ వంట దిని నువ్వు లావుగుంటవనుకున్న. పుల్ల లెక్కున్నవేంది?" అంది దేవమ్మ. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. తరువాత దేవమ్మ ఇంట్లోకి తొంగి చూసింది.

"అన్న ఏడి?"

నర్సింహమ్మ ముఖం చిన్నబోయింది. "ఏం జెప్పాలె వదినె. ఆ ఇంకో పిలగానిది ఒరిస్సా. చెల్లె లగ్గం ముందుకొచ్చిందని తెల్లారంగనే రైలెక్కిండు. ఈయనే పో అన్నడట. లగ్గం ఉన్నోన్ని వద్దని నా నోటెంట ఎట్లొస్తదే అన్నడు. పొద్దుగాల పోయిండు. గేటు ఇడిస్తే నౌకరి పోతది. మీరప్పటికే బస్సెక్కిన్రు."

లోపల అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. చాప కూడా పరిచి ఉంది. దేవమ్మ చాప దాకా వచ్చి కూర్చోలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని గడప మీదే చతికిలబడింది. మంచినీళ్లిస్తే పక్కన పెట్టింది. ఇన్నేళ్లు పోలేదన్న బాధ ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. వచ్చి కూడా వచ్చినట్టు కాలేదన్న బాధ ఆ రోజు చూశాను.

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. "నేను పోయి గేటు కాడ కూసుంట. వాన్ని ఇటు తోలుత. మీరు ముగ్గురు తినుండ్రి. నా రిలీవర్ వచ్చినంక నేను తింట" అన్నాను.

దేవమ్మ తలెత్తి చూసింది.

"నలభై ఏండ్లు గదే జేసిన్రు. ఒకలు లోపటికొస్తే ఒకలు బయటికి. ఇయ్యాల ఎవ్వలు ఎవ్వలికి రిలీవర్ గాదు." లేచి కొంగు నడుముకు దోపుకుంది. "వదినె, కూర గిన్నెకు మూత వెట్టు. ఆ చాప గూడ సుట్టు. గేటు ఆడనే ఉంటదిగా, ఏడికి పోదుగా?"

ఆటో మాట్లాడాను. వెనక ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లలో గిన్నెలు. ముందు డ్రైవర్ పక్కన నేను, నా ఒళ్లో పచ్చిపులుసు. రుద్రారం చేరేసరికి సగం పులుసు నా ధోతీ తాగింది. డ్రైవర్ అడిగితే, పరీక్షలు అయిపోయిన హాస్టల్లో వంటపోటీకి పోతున్నామని చెప్పాను.

హాస్టల్ పిల్లలంతా సెలవులకు వెళ్లిపోయారు. తాళాలు వేసిన గదులకు కాపలాగా సత్తయ్య గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. యూనిఫాం చొక్కా అతనికి రెండు సైజులు పెద్దది. మమ్మల్ని చూసి లేచి, ఏం చెయ్యాలో తెలియక సెల్యూట్ కొట్టాడు.

"తప్పయింది చెల్లె" అన్నాడు.

"తప్పేంది? పిలగాన్ని లగ్గానికి వంపినవ్. మా అరుణ లగ్గంల నువ్వు లేవు, అది నేను మర్సిననా? జరుగు, చాప ఎయ్యాలె."

గేటు రేకుల నీడలో చాప వేసి నలుగురం కూర్చున్నాం. దేవమ్మ డబ్బా మూత తీసి నర్సింహమ్మ ముందు పెట్టింది. నర్సింహమ్మ మూత మీద తన పేరును వేలితో తడిమి, ఒక లడ్డూ విరిచి ముందు దేవమ్మ నోట్లో పెట్టింది. నేను చేతులు జోడించి ఇంగ్లీషు ప్రార్థన మొదలుపెట్టాను.

"అయ్యా కాన్వెంటూ, కూర సల్లగైతది" అన్నాడు సత్తయ్య.

"దేవునికి ఇంగిలీషు వచ్చో రాదో. తిను" అంది దేవమ్మ.

తిన్నాం. సత్తయ్య పులి సంగతి అడిగాడు. నలభై ఏళ్లుగా ఆ పులి చెరువు దాటిందా లేదా అని అతనికి ఒకటే దిగులట. నేను గొంతు సవరించుకుని దాన్ని చెరువులోకి దించాను.

అది నడిమి నీళ్లలో ఉండగా దగ్గర్లోని ఏదో ఫ్యాక్టరీలో సైరన్ మోగింది. షిఫ్టు మారే సైరన్. నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి నేల మీద ఆనింది, మోకాలు లేచింది. చూస్తే ఎదురుగా సత్తయ్య కూడా సగం లేచి ఉన్నాడు, చేతిలో రొట్టె ముక్కతో.

దేవమ్మ గరిటెతో చాప మీద ఒకటి కొట్టింది.

"కూసోండ్రి ఇద్దరు" అని మా ఇద్దరి పళ్లాల్లోనూ ఇంకింత కూర వేసింది.