సాంచల చప్పుడుతోనే పంపాను

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. నేను చేసిన రికార్డింగులు ఇప్పుడు యూనివర్సిటీ రిపాజిటరీలో ఉన్నాయి! పరిశోధనల ఫైళ్లన్నీ దాచిపెట్టే చోటది. ఎవరైనా, ఎక్కడినుంచైనా తెరిచి వినొచ్చు. ఇంత సంగతి జరిగిన రోజున చెప్పుకోవడానికే పక్కన మనిషి లేదు.

అవి వేసవి సెలవులు. కరీంనగర్‌లో మా హాస్టల్ ఖాళీ అయింది. నా గదిలో ఉండే అమ్మాయి కూడా బోథ్‌లో వాళ్లింటికి వెళ్లిపోయింది. మెస్ మూశారు. అటుకులు తడుపుకుని తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. మా ఊళ్లో పవర్‌లూమ్‌లను సాంచలంటారు. నా ప్రాజెక్టు కోసం ఆ సాంచల కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్లను పలకరించి, వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చాను. అందులో మా అమ్మ కూడా ఉంది, మేం అవ్వ అంటాం. పేర్లు వచ్చినచోటల్లా కత్తిరించాలి, మాటలన్నీ టైపు చేసి జతచేయాలి. లైబ్రరీ ఒప్పుకుంటేనే నాకు పట్టా. పొద్దంతా చెవుల్లో అందరూ మాట్లాడేవాళ్లు. ఇయర్‌ఫోన్స్ తీస్తే ఫ్యాన్ ఒక్కటే.

మొదటిసారి పంపితే లైబ్రరీ సార్ ఫోన్ చేశారు.

"అమ్మా, గీ లొల్లిల ఒక్క మాట సమజైతలేదు. జర సాఫ్ చేసి పంపు."

చేశాను. సాంచల చప్పుడు మొత్తం తుడిచేశాను. మాటమాటా విడిగా వినిపించింది. సంబరపడి అవ్వకు ఆమె మాటలే వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్.

"గిదేంది బిడ్డా, నేనెవలమీద ఒర్రుతున్న?"

"ఎవలమీద లేదవ్వా. నాతోనే మాట్లాడినవ్."

"నీతోనా? అత్తకోడండ్ల పంచాయితీ లెక్కున్నది. ఇన్నోళ్లు గయ్యాళిదంటరు!"

వెనకనుంచి చిన్నమ్మ అందుకుంది. "ఉన్నదే అంటరు తియ్యి!"

మళ్లీ విన్నాను. నిజమే. సాంచల మధ్య పక్కమనిషికి వినబడాలంటే అరవాల్సిందే. పెళ్లి ముచ్చటైనా అంతే, మందలింపైనా అంతే. చప్పుడు తీసేస్తే అరుపు మాత్రం మిగిలింది. మనవరాలి ముద్దుమాటలు చెబుతున్న ముసలామె కూడా ఎవరినో తిడుతున్నట్టే ఉంది. నేనూ ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని, నాకు తేడా తెలియలేదు.

"సార్, చప్పుడు గట్లనే ఉండనియ్యున్రి. సాఫ్ చేస్తే మావోళ్లు కొట్లాడుతున్నట్టున్నది," అన్నాను లైబ్రరీ సార్‌కు ఫోన్ చేసి.

"మల్ల వాపస్ వస్తే నీ పట్టా లేటైతది. సోంచాయించుకో."

"అయితే కానీయుండ్రి సార్."

పేర్లు మాత్రం కత్తిరించి, చప్పుడున్న ఫైళ్లే పంపాను. చదువుకుంటూ వినేలా ప్రతిదానికీ టైపు చేసిన మాటలు జతచేశాను. వీళ్లు ఎందుకు అరుస్తారో పైన రెండు వాక్యాలు రాశాను. ఇక ఎదురుచూపు. ఎండ తగ్గేదాకా గదిలోనే, మాట్లాడే పనే లేకుండా. నా గొంతు నాకే కొత్తగా అనిపించేది.

ఒప్పుకున్నామని మెయిల్ వచ్చింది, లింకుతో సహా. వరండాలోకి పరుగెత్తాను. అన్ని గదులకూ తాళాలే. అవ్వకు ఫోన్ చేశాను.

"ఒప్పుకున్నరవ్వా!"

"ఏందీ? ఇనవడ్తలేదు. ఆగు, బయటికొస్త... ఆఁ, ఇగ చెప్పు."

చెప్పాను.

"మల్లొకసారి చెప్పు బిడ్డా."

చెప్పాను. ఇంతలో దారం కండెలు అయిపోయాయని లోపలినుంచి ఎవరో కేకేశారు. అవ్వ ఫోన్ పెట్టేసింది. నేను నంబర్లు పైకీ కిందికీ జరుపుకుంటూ, ఈ వేళప్పుడు ఇంకెవరు ఎత్తుతారా అని వరండాలోనే నిలబడ్డాను.