పని లేని రోజు ఉలవలు

ఈ రోజు నాకు కాలు నిలవలేదు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం ఉంది మాకు, చాందినీ. ఆషాఢంలో ముహూర్తాలు లేక కొట్టంలోనే ఉంటోంది. పొద్దున ఎక్కి బుక్కరాయసముద్రం కట్ట దాకా పోయానో లేదో, వెనక కాళ్లు బిగుసుకుపోయి నిలబడిపోయింది. తొడలు రాయిలా గట్టిపడ్డాయి, ఒళ్లంతా చెమట.

పశువుల డాక్టరు అక్కడికే వచ్చి సూది వేశాడు. "పని లేని రోజు ఉలవలు వద్దు, కండలు ఇట్లే పట్టేస్తాయి, గడ్డి చాలని పోయినసారే చెప్పినా కదప్పా!" అని కసిరాడు. నేనైతే పెట్టలేదు.

మెల్లగా ఇంటికి చేర్చి నాయన మీద అరిచాను. "డాక్టరు వద్దన్యాడని నీకు చెప్పలేదా?"

నాయన ఉలవల బకెట్టు వెనక్కి జరిపాడు. "చెప్పినావులేప్పా. పని లేని దినం కూడు లేదని నాకు చెప్పినోళ్లు చానామంది ఉండారు. అదే మాట దానికి చెప్పల్లంటే నాకు నోరు రాలేదు."

కరువు పనుల్లో మట్టి మోసిన మనిషి.

అప్పటి నుంచి కొట్టం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. చాందినీ తేరుకుంది గానీ, నేను వేసిన గడ్డి ముట్టకుండా నాయన వైపే చూస్తోంది. ఆయనకు మళ్లీ చెప్పడం నా వల్ల కాదు. మీలో ఎవరైనా వచ్చి చెబుతారా?