ప్రకటన నాది, ఫోను రూతాంటీది

ఏడంకెలు తప్పు చోట టైపు చేసి, ఒక ఇంటి ప్రశాంతతను, ఒక అమ్మాయి కొలువును ఒకే వారంలో పోగొట్టిన ఘనుణ్ణి నేను. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. మీరు నవ్వుతారనే చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే అది నా తప్పే.

తొంభైల చివర. కడప నుంచి వచ్చి, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ అయిందనిపించుకుని, తార్నాకలో రూతాంటీ మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. పని హబ్సిగూడలో, మూర్తిగారి దగ్గర. ల్యాబులకు గాజు సామాను, రసాయనాలు సరఫరా చేసేవాళ్లం. ఆర్డర్లు చూసుకోవడానికి కెమిస్ట్రీ తెలిసిన మనిషి కావాల్సివచ్చింది. మూర్తిగారి పద్ధతి ఒకటే: కాగితం మీద రాయించి హాస్టల్ మెస్సు గోడకు అంటించడం. ఈసారి ముగ్గురొచ్చారు. ముగ్గురికీ పిపెట్టుకూ బ్యూరెట్టుకూ తేడా తెలియదు.

"కాగితాల కాలం పోయింది సార్. ఇంటర్నెట్‌లో ఉద్యోగాల సైట్లున్నాయి. దేశమంతా చూస్తుంది," అన్నాను.

"దేశమంతా మనకెందుకయ్యా? ఒక్కడు చాలు."

"ఆ ఒక్కణ్ణి దేశమంతట్లోంచి ఏరుకోవచ్చు సార్."

"సరే. నా ఫోను మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఆర్డర్లొచ్చే లైను."

అప్పటికి నేను ఇంటర్నెట్‌ను మొత్తం నాలుగుసార్లు చూశాను. ఒకసారి చూసినవాడు పండితుడు, నాలుగుసార్లు చూసినవాడు మహాపండితుడు అన్నట్టుండేది లోకం. ఆ ధీమాతోనే తార్నాక నెట్ సెంటర్లో కూర్చుని ప్రకటన నింపుతూ, ఫోన్ నంబరు గడి దగ్గర ఆగాను.

"ఇది వదిలేస్తే పోదా?"

"పోదన్నా. ఏదో ఒక నంబర్ కొట్టు," అన్నాడు సెంటర్ నడిపే అతను.

ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఆ రోజుల్లో ఫోను లేనివాళ్లం ఇంటి ఓనరు నంబరో, పక్కింటివాళ్లదో రాసి పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్లం. ఫోనొస్తే వాళ్లు పిలుస్తారు, మనం పరిగెత్తాలి. నేను ఉద్యోగాల కోసం నింపిన దరఖాస్తులన్నింటిలోనూ రూతాంటీ నంబరే. ఉద్యోగం ఇచ్చేవైపు కూర్చోవడం అదే మొదటిసారని నా చేతికి తెలియదు. అలవాటుగా ఆంటీ నంబరు కొట్టేసింది.

ఆ వారం ఆ ఫోనుకు ఎంత విలువుందో నాకు తెలియకపోలేదు. ఆంటీ కూతురు ఎస్తేరు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి రెండేళ్లుగా లెక్చరర్ పోస్టు కోసం చూస్తోంది. నల్లకుంటలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు, 'ఖాళీ ఉన్నది, ఈ వారంల ఫోన్ చేస్తం' అన్నారు. ఆ పిల్ల అన్నం కూడా ఫోను పక్కనే కూర్చుని తింటోంది.

రెండో రోజు పొద్దున మెట్లు దిగుతుంటే ఆంటీ ఎదురొచ్చారు. రిటైరైన నర్సు. గొంతు పెంచే మనిషి కాదు.

"ఏం చేసినవ్ బిడ్డా? ఫోన్ పెట్టుడు ఆలస్యం, మళ్ల మోగుతున్నది. భోపాల్ అంట, నాగ్‌పూర్ అంట. అందరు నౌకరీ అడుగుతున్నరు."

"రిసీవరు తీసి పక్కన పెట్టేద్దామా ఆంటీ?"

"పెడితె ఎస్తేరుకు ఫోన్ ఎట్లొస్తది?"

ఎలుక కోసం కొండ తవ్వేవాళ్లుంటారు. నేను తవ్విన చోట కొండే మీద పడింది. నెట్ సెంటర్‌కు పరిగెత్తాను. ప్రకటన తీసేయాలంటే పాస్‌వర్డ్ కావాలట. ఎవరికీ దొరక్కూడదని ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టానంటే, అది నాకూ దొరకలేదు. సైటువాళ్లకు మెయిలు రాస్తే, మూడు పనిదినాల్లో చూస్తామని జవాబొచ్చింది. ఈలోగా అడిక్‌మెట్ నుంచి ఇద్దరు ఫోన్లో అడ్రసు కనుక్కుని, సర్టిఫికెట్ల ఫైళ్లతో గేటు దగ్గరికే వచ్చారు. ఆంటీ వాళ్లకు మంచినీళ్లిచ్చి, "సారు ఆఫీసుకు పోయిండు," అని పంపించారు. నేను సారునైంది ఆ వారమే.

శనివారం ఎస్తేరు తనే నల్లకుంట వెళ్లింది. "రెండ్రోజులు చేసినమమ్మా. ఎప్పుడు జూసినా ఎంగేజే. ఇంకొకాయనను తీసుకున్నం," అన్నారట.

ఆంటీ ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఎస్తేరు క్యాంపస్ లైబ్రరీ మెట్ల మీద కనిపించింది.

"తప్పు నాదే ఎస్తేరూ."

"ఔ, నీదే," అంది. "రెండేండ్ల సంది ఆ ఒక్క ఫోన్ కోసం చూసిన అన్నా."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. సంచిలోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. "నీ ఫోన్లు. అన్ని రాసిన."

పేరు, ఊరు, చదువు, నంబరు. ఎవర్ని కెమిస్ట్రీలో ఏం అడిగిందో, వాళ్లేం చెప్పారో, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి.

"ఎందుకు రాశావు? పెట్టేయాల్సింది."

"మోగినప్పుడల్ల కాలేజోళ్లే అనుకొని ఎత్తిన. ఎత్తినంక ఎట్ల పెట్టెయ్యాలె? వాళ్లు గూడ నా లెక్కనే కద."



సోమవారం మూర్తిగారు ఆ నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు.

"ఇది రాసిందెవరు?"

"మా ఓనరుగారి అమ్మాయి సార్. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ."

ఆయన కళ్లజోడు తీసి నోటుబుక్కు మీద పెట్టారు. "చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికారని విన్నాను. దేశమంతా వెతికినవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

ఎస్తేరును పిలిపించి, ఆ పోస్టులో చేరతావా అని అడిగారు. అన్నీ నిదానంగా వింది.

"కాలేజీల దొరికేదాంక చేస్త సార్. గాని ఒక షరతు. ఈ బుక్కుల ఉన్నోళ్లందరికి ఫోన్ చేసి పోస్టు నిండిందని చెప్పాలె. ఎవరు ఎదురుచూస్త కూసోవద్దు. అన్ననే చెప్పాలె."

మూర్తిగారు ఆ ఆర్డర్ల ఫోనును నా ముందుకు జరిపారు.

మొదటి నంబరు విజయవాడ. ఎవరో పెద్దావిడ ఎత్తారు. "శ్రీనివాసా? పక్కింటి అబ్బాయండీ. ఉండండి, పిలుస్తాను. రోజూ వచ్చి అడిగిపోతున్నాడు పాపం." రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. కాసేపటికి పరుగు. ఆ తర్వాత రొప్పుతున్న గొంతు: "సార్, ఎప్పుడు చేరమంటారు?"

నోటుబుక్కులో సగానికి పైగా పీపీ నంబర్లే. నాలుగు రోజులు పట్టింది.

మూర్తిగారి బల్ల మీద చెయ్యేసి ప్రతిజ్ఞ చేశాను. ఆన్‌లైన్ సైట్లు మహా ఉపయోగం, కాదనను. ఇప్పుడు మనుషుల్ని తీసుకునే కుర్చీలో నేనే ఉన్నాను, వాటితోనే తీసుకుంటాను. కానీ ప్రకటనలో నా నంబరే వేస్తాను. ఉద్యోగం రానివాళ్లకు కూడా నేనే ఫోన్ చేస్తాను. చెప్పేముందు మాత్రం, అవతలి మనిషి ఆయాసం తీరేదాకా ఆగుతాను.