కాగు కింద కాలిన చిడతలు

ఇక్కడ అమెరికాలో, శాన్ రామన్‌లో, మా గరాజ్‌లో మనవరాలి డ్రమ్ము పుల్లలు చూడగానే వేన్నీళ్ల కాగు పొగ గుర్తొచ్చింది. అక్కల్లారా, పెద్దమనిషైన పిల్ల భజనలో చిడతలు పట్టకూడదనేవారు, గుర్తుందా? నా చిడతల్ని నాన్న ఆ కాగు కింద మంటలోనే పెట్టాడు. బూడిదలో ఇత్తడి బిళ్లలు మిగిలాయి.

“దాని చదువు పాడవుతోందమ్మా, డ్రమ్స్ అమ్మేశా. కొన్నవాళ్లు రేపొచ్చి పికప్ చేసుకుంటారు,” అన్నాడు మా అబ్బాయి.

మనవరాలు ఏడ్చింది. “నాన్నమ్మా, నేను రోజూ వినే ఆ ఐర్లాండ్ బ్యాండ్ కూడా నలుగురు స్కూల్ పిల్లలే. ఒకళ్ల కిచెన్‌లో స్టార్ట్ చేశారు. ఇప్పుడు వరల్డ్ అంతా వింటుంది.”

“ఆ వంటింట్లోనూ పొయ్యి ఉండే ఉంటుంది కదరా, అయినా వాళ్ల పుల్లల్ని ఎవరూ అందులో పెట్టలేదు!” అన్నాను వాడితో. వాడు తల దించుకున్నాడు గానీ బేరం రద్దు చేయలేదు.

నాకు రాత రాదు. కోడలు రాస్తోంది, ఒక్క మాట మార్చొద్దన్నాను. రేపు పొద్దున్నే ఆ డ్రమ్ముల ముందు స్టూలు మీద కూర్చుంటాను. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు, కూర్చుంటే లేవలేను.