దొరసాని తిన్న సంచి

ఇప్పుడు నన్ను అప్పుడప్పుడూ కాలేజీలకు పిలుస్తుంటారు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "మీ విజయ రహస్యం పిల్లలకు చెప్పండి మేడం" అంటారు. నేను గొంతు సవరించుకుని పట్టుదల అనీ, ప్రణాళిక అనీ, సమాజానికి మేలు అనీ నాలుగు ముక్కలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వస్తాను. (నిజం చెబితే శాలువా వెనక్కి తీసుకుంటారేమోనని భయం.) ఆ రోజుల్లో నాకు పట్టుదల అయితే బండెడు ఉండేది గానీ, ప్రణాళిక అనేది ఏ దిక్కు నుంచి వస్తుందో కూడా తెలియదు. ఈ రోజు మా వీధిలో ఇంతమంది ఆడవాళ్లు తలెత్తుకుని పని చేసుకుంటున్నారంటే, ఆ పుణ్యంలో పెద్ద వాటా కాణిపాకంలోని ఒక ఆవుది. శాలువా దానికి కప్పాలి. కప్పితే తినేస్తుంది, అది వేరే సంగతి.

మాది నగరి. మరమగ్గాల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మొదటి నెలంతా నాకు నిద్ర పట్టలేదు, అక్కడ అంత నిశ్శబ్దం మరి. తీరా చదువు ముగించుకుని ఇంటికి వస్తే మా వీధి కూడా హాస్టల్ మాదిరిగా అయిపోయింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గాలు ఆగిపోతున్నాయి. మా నాయన నేసేది ముతక నూలు గుడ్డ. దాన్ని అడిగేవాళ్లు లేరు. ఆయన రోజూ మగ్గాలకు నూనె వేసి, తుడిచి, వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ, "పాత ఇనుముకు ఇచ్చేస్తా పాపా. నేను యాడన్నా వాచ్‌మన్ పనికి పోతా" అన్నాడు. మా నాయన నోటి వెంట ఆ మాట రావడం నేను తట్టుకోలేకపోయాను. కంచం ముందు కూర్చునే, ఏమాత్రం ఆలోచించకుండా, "వద్దు నాయనా, నేను యాపారం పెడతా" అనేశాను.

"యాపారమా? మన ఇండ్లలో ఎవురన్నా పెట్టినారా?"

"పెట్టలేదు గాబట్టే నేను పెడతా."

"ఏం యాపారం?"

అది నాకు కూడా అప్పటికి తెలియదు. ఎదురుగా గోడకు మేకుకి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. "సంచులు" అన్నాను. "గుడ్డ సంచులు. నువ్వు గుడ్డ నెయ్యి. వీధిలో కుట్టు మిషన్లన్నీ ఊరికే ఉండాయి గదా, అక్కోళ్లు కుడతారు. దేవళాల కాడ టెంకాయల అంగళ్లలో కవర్లు మానిపించి మన సంచులు పెట్టిస్తా." చెబుతూ ఉంటే నాకే ముచ్చటేసింది, ఎంత బాగా ఆలోచించానో అని. నాయన కంచం పక్కకు జరిపి, "వినాయకచవితి దాకా సూస్తా. మర్నాడు ఇనుము సామాన్లాయన వస్తాడు. ఆయనకు మాటిచ్చేసినా" అన్నాడు. అంతే, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకు అక్క. వీధిలో అందరూ ఆమెను గంజి పెద్దమ్మ అనేవాళ్లు. చేమగ్గాల కాలంలో పడుగు దారాన్ని వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్లు. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు. కాలం మారి ఆ పని పోయినా ఆమె చేతికి గంజి దురద పోలేదు. ఇంట్లో దిండు గలీబుకు గంజి పెట్టేది. చేతి రుమాలుకు గంజి పెట్టేది. (మా నాయన చొక్కా తొడుక్కుంటుంటే పక్కింటికి వినబడేది.) మొదటి విడత సంచులు కుట్టడం పూర్తవగానే ఆమె ఒకటి చేతిలోకి తీసుకుని, చచ్చిన కోడిని పట్టుకున్నట్టు పట్టుకుని, "ఏమే, ఇట్ల వాలిపోయిందాన్ని బయటికి పంపిస్తావా? మన ఇంటి గుడ్డ గంజి లేకుండా గడప దాటిందా ఎప్పుడన్నా?" అంది. నాకూ నిజమే అనిపించింది. బియ్యం గంజి చిక్కగా కాచి, బూజు పట్టకుండా అని పిడికెడు ఉప్పు కూడా వేసి, సంచులన్నీ ముంచి, మిద్దె మీద ఆరేసింది. సాయంత్రానికి ఒక్కొక్క సంచి దానంతట అది నిలబడింది! నేను వాటి మధ్య నడుస్తుంటే సైన్యాన్ని తనిఖీ చేస్తున్న దొరలాగా అనిపించింది.

ఆ సైన్యాన్ని బస్సు ఎక్కించడం మాత్రం నా తరం కాలేదు. చవితి ముందురోజు చిత్తూరు బస్సులో నేనూ పెద్దమ్మా మూటలతో ఎక్కాం. మూటలు అని పేరే గానీ అవి అణిగితేనా! ఒక సీటులో మేం, రెండు సీట్లలో సంచులు. జనం నిలబడి ఉన్నారు. కండక్టరు వచ్చి, "ఏమ్మా, గుడ్డ సంచులే గదా, మడిసి పెట్టుకోకూడదా?" అన్నాడు. పెద్దమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, "మడిస్తే ఇరిగిపోతాయప్పా" అంది. బస్సంతా గొల్లుమంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డిగ్రీ చదివినదాన్ని, వ్యాపారవేత్తను, ఇట్లాంటి పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చానేమిటా అని కార్వేటినగరం దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కాణిపాకంలో అంతకుముందే వరసగా అంగళ్లన్నీ తిరిగి, అందరిచేతా 'చూద్దాంలేమ్మా' అనిపించుకుని ఉన్నాను. సరే అన్నది ఒక్క టెంకాయల అక్క. మాట కరుకు, చెయ్యి పెద్దది. ఆమె సరే అనడానికి కారణం ఉంది. అంతకుముందు ఆమె పెంచుకున్న ఆవు ఒకటి వీధిలో పారేసిన కవర్లు తిని తిని, కడుపు ఉబ్బి చనిపోయింది. ఆ ఆవు దూడే ఇప్పుడు పెరిగి పెద్దదయింది. పేరు దొరసాని. అంగళ్ల వీధిలో పన్నులు వసూలు చేస్తున్నట్టు తల ఎగరేసుకుని నడిచేది. "నీ సంచులు చవితి నాడు పెడతా. బాగుంటే ఈ వరసంతా నేనే సెప్పి పెట్టిస్తా. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తే మాత్రం మళ్లీ ఈ పక్క రావద్దు" అని ముందే తేల్చి చెప్పింది అక్క.

చవితి పొద్దున మా సంచుల వైభవం చూడాలి! ఒక్కొక్క దాంట్లో టెంకాయ, అరటిపండ్లు, పైన స్వామికి గరిక. బల్ల మీద నిటారుగా నిలబడ్డాయి. జనం ఆగి చూస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. పక్క అంగళ్లవాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. పెద్దమ్మ మోచేత్తో నన్ను పొడిచి, "సూస్తివా, గంజి!" అంది. నేను అప్పటికే మనసులో శ్రీకాళహస్తి అంగళ్లు అయిపోగొట్టి తిరుపతిలో అడుగుపెడుతున్నాను. సరిగ్గా అప్పుడు దొరసాని వచ్చింది.

వేలూరు వైపు నుంచి వచ్చిన ఒక భారీ మనిషి మా సంచి పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. దొరసాని వెనకనుంచి వెళ్లి సంచిని ఒకసారి నాకింది. ఆగింది. కళ్లు అరమోడ్చి ఇంకోసారి నాకింది. తర్వాత సంచి అంచు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి, "మాడు! మాడు!" అని, ఆవు ఆవు అని అరవంలో కేకలు వేస్తూ సంచిని ఇటు లాగాడు. దొరసాని అటు లాగింది. టెంకాయ దొర్లింది, పండ్లు చెల్లాచెదురయ్యాయి, గరిక నేలపాలయింది. గరిక కోసమే వచ్చింది లెమ్మని నేను ఆ కట్ట తీసి దాని మూతి ముందు పెట్టాను. మహాతల్లి దాన్ని పక్కకు తోసి సంచి కోసం వచ్చింది! అప్పటికి గానీ నాకు వెలగలేదు. బియ్యం గంజి, అందులో ఉప్పు. మనకది సంచి. దానికది ఎండబెట్టిన కుడితి. మాట ఎట్లా పాకిందో ఏమో, ఇంకో రెండు ఆవులు, ఒక కోడెదూడ కూడా సందులోంచి వచ్చేశాయి. భక్తులు సంచులు తల మీద పెట్టుకుని పరుగులు. వీధంతా నవ్వులు.

టెంకాయల అక్క నడుముకు చీరకొంగు బిగించి నా ముందుకు వచ్చింది. "ఏమ్మే, నువ్వు సంచులు తెస్తివా, మేత తెస్తివా?" నాకు నోట మాట రాలేదు. మా పెద్దమ్మకు మాత్రం వచ్చింది. "గంజి బాగుండబట్టే గదా తినింది! పక్కనే గరిక ఉన్నా ముట్టలేదు సూడు" అంది, గర్వంగా. నేను అంగడి వెనక్కి పోయి, ఖాళీ బుట్టల మధ్య కూర్చుని ఏడ్చాను. నాకు కళ్ల ముందు ఇనుము సామాన్లాయనే కనబడుతున్నాడు. మగ్గాన్ని ముక్కలు చేస్తుంటే నాయన ఎక్కడ నిలబడతాడు, ఏ వైపు చూస్తాడు? అదొక్కటే ఆలోచన.

నవ్వులు సద్దుమణిగాక అక్క మొహం మారింది. దొరసాని ఒక సంచి మొత్తంగా మింగేసింది, రెండోది సగం. తల్లి ఎట్లా పోయిందో అక్కకు గుర్తొచ్చింది. కోపం పోయి భయం పట్టుకుంది. "దీనికేమన్నా అయితే నేను బతకలేను పాపా" అంది మెల్లగా. ఇంక నాకు తిట్టు కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఊరికి పోకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయాం. తెల్లవారగానే ముగ్గురం కొట్టంలోకి వెళ్లి, గోడకు ఆనుకుని, దొరసాని తోక వైపు గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. నా డిగ్రీ చదువు నన్ను తెచ్చి నిలబెట్టిన చోటు అదీ. దొరసాని మమ్మల్ని పట్టించుకోకుండా మేత నమిలింది, నీళ్లు తాగింది, ఒళ్లు విరుచుకుంది, దండిగా పేడ వేసింది. అక్క, "వేసిందిరా నా తల్లి!" అని కేక పెట్టి నన్ను వాటేసుకుంది. పెద్దమ్మ దేవుడికి దండం పెట్టింది. ఆ రోజు దొరసాని ఎప్పటిలాగే చెంబు నిండా పాలు కూడా ఇచ్చింది.

పాలచెంబు ఇంట్లో పెట్టి అక్క నా చెయ్యి పట్టుకుని బరబరా అంగళ్ల వీధికి లాక్కుపోయింది. నన్ను వెళ్లగొట్టడానికే అనుకున్నాను. వీధి మధ్యలో నిలబడి, "ఏమప్పా, అందరూ ఇనండి" అని మొదలుపెట్టింది. "కవరు తిని మా పెద్దావు సచ్చిపాయ. ఈ పాప సంచి తిని మా దొరసాని పొద్దున లేసి పాలిచ్చె. ఇంక ఏం కావాల మీకు? మన అంగళ్ల ముందర తిరిగే గొడ్లన్నీ మన బిడ్డలే గదా. నేను ఇంక కవరు ముట్టను. ముట్టే వాళ్లు నాతో మాట్లాడొద్దు." నిన్న పగలబడి నవ్వినవాళ్లే ఒక్కొక్కరూ వచ్చి మాకు పెట్టు, మాకు పెట్టు అన్నారు. అందరిదీ ఒకటే షరతు: గంజి వద్దు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. పుత్తూరు దగ్గర పడుతుండగా మాత్రం, "ఉప్పు తగ్గించి సూస్తామా?" అంది.

ఇంటికి చేరేసరికి ఇనుము సామాన్లాయన తూకం కాటా దించుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నాయన మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. "ఏమాయ పాపా?" అన్నాడు.

"సంచులు ఆవులు తినేసినాయి నాయనా."

నాయన తల దించుకున్నాడు. "పోనీలే. నీ వంతు నువ్వైతే సేసినావు" అన్నాడు.

"ఇంకా కావాలంట నాయనా. ఆ వరస అంగళ్లోళ్లందరికీ కావాలంట."

ఆయన లోపలికి పోయి స్విచ్చు వేశాడు. మగ్గం టకటకమని అందుకుంది. ఇనుము సామాన్లాయన ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి గానీ ఆ చప్పుడులో ఒక్క మాట వినబడలేదు. నాయన వినబడనట్టే పడుగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు వాకిట్లోకి వచ్చేశాను.

ఇప్పుడు మా వీధిలో మళ్లీ నిశ్శబ్దమంటే ఎవరికీ తెలియదు. మా సంచులు కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుపతి అంగళ్లలో ఉన్నాయి. మిషన్ల మీద కూర్చున్న అక్కలు తమ పిల్లల్ని చదివించుకుంటున్నారు, నన్ను దబాయిస్తున్నారు కూడా. పెద్దమ్మ కళ్లు సరిగా కనబడకపోయినా వారానికోసారి వచ్చి సంచిని వేళ్లతో తడిమి, "వాడిపోయిన తమలపాకు మాదిరి ఉండాది" అని విసుక్కుని పోతుంది. ఆమెకోసం మేం ఒక ఆచారం పెట్టుకున్నాం. ప్రతి ఏడూ చవితికి ఒక్క సంచి, ఒకే ఒక్కటి, పెద్దమ్మ చేత్తో గంజి పెట్టిస్తాం. ఉప్పు కూడా వేస్తుంది, పిడికెడు. అది దొరసాని వాటా. దొరసాని ముసలిదయిపోయింది. వీధిలో పన్నుల వసూలు ఇప్పుడు దాని కూతురు చూసుకుంటోంది. అయినా నా అడుగుల చప్పుడు వింటే కొట్టంలోంచి తల బయటపెడుతుంది.

మొన్న చవితికి కూడా బస్సులోనే పోయాను. (కారు ఉంది, కానీ ఈ ఒక్క ప్రయాణం బస్సులోనే.) ఒళ్లో సంచి నిటారుగా నిలబడి, ఎదుటి సీటాయన వీపుకు గుచ్చుకుంటోంది. కుర్ర కండక్టరు వచ్చి, "ఏం మేడం, గుడ్డ సంచే గదా, మడిసి పెట్టుకోకూడదా?" అన్నాడు.

ఒకప్పుడు ఈ దారిలోనే సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పిచ్చిమొద్దూ, పెద్దమ్మ వైపు తిరిగి కూర్చో అని చెప్పాలనిపించింది. కండక్టరు ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"మడిస్తే ఇరిగిపోతుందప్పా" అన్నాను, బస్సంతా వినబడేలా.